దిక్సూచికి జీపీఎస్

నా నోరు మంచిది కాదు. ఈ సంగతి నా సైకిలు కొట్టుకు వచ్చేవాళ్లందరికీ తెలుసు. గొలుసుకు చుక్క నూనె వేయకుండా ఏడాదిపాటు తొక్కి, చివరికి "కొంచెం చప్పుడొస్తోందండీ" అంటూ తెచ్చి నిలబెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. తిడతాను. తిట్టి, బాగుచేసి పంపిస్తాను. ఇరవై రెండేళ్లుగా కొట్టు ఇలాగే నడుస్తోంది. తిట్లు పడలేనివాళ్లు ఎప్పుడో జారుకున్నారు, మిగిలినవాళ్లు పోమన్నా పోరు.

ఆ తిట్లలో సగం వాటా మాత్రం మా చెల్లెలిది. నాకన్నా ఆరేళ్లు చిన్న. తనకు దారి తెలియదు. చిన్నప్పుడు వీధి చివరి దుకాణానికి పంపితే పక్కపేట నుంచి ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవారు. పెద్దయ్యాక ఒకసారి బంధువుల పెళ్లికి ఒంటరిగా బయల్దేరి, మేమంతా తిరుగు బస్సెక్కుతున్న వేళకు నవ్వుకుంటూ ఎదురొచ్చింది. కుడికి తిరగమంటే ఒకసారి కుడికే తిరుగుతుంది, ఇంకోసారి ఎడమకు పోతుంది. ఎప్పుడూ తప్పే తిరిగితే అదొక పద్ధతి, మనమే తిరగేసి చెప్పుకోవచ్చు. అదీ లేదు. అందుకని నేనే తనకు దిక్సూచి అని పేరు పెట్టాను. ఆ పేరు చుట్టాలందరికీ తెగ నచ్చింది. అసలు పేరుతో పిలిచేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు.

ఒక్క సైకిలు తొక్కడంలో మాత్రం తనకు వంక పెట్టలేను. ఎంత ఎత్తు ఎక్కినా ఊపిరి తప్పదు, రాళ్లబాటలో కూడా చక్రం తడబడదు. సన్నటైర్లయితే మట్టిలో దిగబడతాయి, లావుటైర్లయితే తారురోడ్డు మీద పిక్కలు పీకేస్తాయి అని రెండింటికీ పనికొచ్చే మధ్యరకం టైర్లు వేసి, తన కోసం ఒక సైకిలు నా చేతులతో బిగించి ఇచ్చాను. పద్నాలుగేళ్లు పనిచేసిన సీసాల కంపెనీ మూతపడ్డాక ఎనిమిది నెలలు మా మేడమీది రెండు గదుల్లో ఊరికే కూర్చుంది. కూర్చుంది అంటే సైకిలు మీదే కూర్చుంది లెండి. పొద్దున్నే పోయేది, దారి తప్పేది, మధ్యాహ్నానికి ఎలాగోలా ఇల్లు చేరేది.

అలాంటి మనిషికి ఉద్యోగం వచ్చింది. ఏం ఉద్యోగమో విని నేనూ మా ఆవిడా మొహమొహాలు చూసుకున్నాం. కొండ అవతల ఏడు చిన్న ఆసుపత్రులున్నాయి. రోజుకొకదాంట్లో రోగుల రక్తం తీస్తారు. ఆ రక్తపు గొట్టాలను మంచుగడ్డల పెట్టెలో పెట్టుకుని, ఉదయం పది గంటల్లోగా కొండకు ఇవతల మా ఊళ్లోని ల్యాబుకు చేర్చాలి. మోటారు రోడ్డు కొండ చుట్టూ తిరిగివస్తుంది, మధ్యలో వంతెన పని నడుస్తోంది. అడవి మధ్యగా బాటలున్నాయి కానీ అక్కడికి మోటారు బండ్లను రానివ్వరు. కాబట్టి సైకిలే దిక్కు. ఏ రోజు ఏ ఆసుపత్రి అన్నది ఆ ఉదయమే ఫోనుకు వస్తుంది. కాళ్లు చూసి తీసుకున్నారు, దిక్కుల సంగతి ఎవరూ అడగలేదు.

ల్యాబు మేనేజరు మెత్తని మనిషే కానీ మాట కచ్చితం. నెలరోజులు చూస్తామన్నారట. ఆ నెలలో రెండుసార్లు ఆలస్యమైతే సర్దుకుంటాం, మూడోసారైతే వేరే మనిషిని చూసుకుంటాం అన్నారట. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. పది దాటితే ఆ రక్తం పరీక్షకు పనికిరాదు.

నాలుగో రోజే మొదటి ఆలస్యం అయింది. ఆ మధ్యాహ్నం మా చెల్లెలు కొట్టుకు వచ్చి, సైకిలు గోడకు ఆనించి, ఫోను నా ముందు పెట్టింది. ఎండకు తెర కనపడలేదట, చెమట వేళ్లకు పనిచేయలేదట, అడవిలో సిగ్నలు పోయి చుక్క ఒకేచోట ఆగిపోయిందట, ఆఖరికి చార్జి కూడా అయిపోయిందట. పదీ ఇరవైకి చేరింది. సైకిలు వాళ్లు పెట్టుకునే జీపీఎస్ పెట్టె ఒకటి ఇప్పించమంది. ఈ ఉద్యోగం పోతే ఇక తనకు ఇంకొకటి రాదని, సీసాలకు కాగితాలంటించిన చేతిని ఎవరు పిలుస్తారని నెమ్మదిగా అంది. తను ఎప్పుడూ అలా మాట్లాడదు. అయినా నేను ఫోను నమ్ముకుని అడవికి పోయే తెలివి నీదేనని ఒక విసురు విసిరాను.

నా అద్దాల బల్లలో అప్పుడు మూడు రకాలున్నాయి. ఒకటి పెద్దది, రంగుల తెర, వేలితో తాకితే చాలు, పైగా మాట్లాడుతుంది. ఎక్కడ తిరగాలో నూట యాభై మీటర్ల ముందే చెబుతుంది, తప్పిపోతే తనంతట తానే కొత్త దారి వెతుకుతుంది. రెండోది పందేలు తొక్కేవాళ్లది, గుండె ఎంత కొట్టుకుంది, కాలు ఎంత బలం పెట్టింది అన్న లెక్కలే ఎక్కువ. మూడోది అగ్గిపెట్టెకు అన్నలా ఉంటుంది. నలుపు తెలుపు తెర, పక్కన నాలుగు బొత్తాలు. మనం ముందే గీసి ఎక్కించిన దారిని లావుగీతగా, మిగతా మ్యాపును సన్నగీతలుగా చూపిస్తుంది, మధ్యలో మనం ఒక బాణం గుర్తు. గీత వదిలి పక్కకు పోతే కీచుమంటుంది. అంతే. ఎండలో బాగా కనిపిస్తుంది, ఒకసారి చార్జి పెడితే రెండు రోజులు వస్తుంది, అయినా రెండేళ్లుగా ఒక్కరూ కొనలేదు.

మా చెల్లెలు దాన్నే చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. అదేమిటని అడిగింది.

"అదా? అది నోరులేనిది. దారి తెలిసినవాళ్లకు పనికొస్తుంది. నీకు అడుగడుక్కీ చెప్పేది కావాలి" అని దాన్ని లాక్కుని లోపల పెట్టేశాను.

పెద్దదాన్నే బిగించాను. పని మాత్రం శ్రద్ధగా చేశాను, అది ఒప్పుకోవాలి. తారురోడ్ల మ్యాపు కంపెనీవాళ్లు పెట్టే ఇస్తారు. అడవి బాటలది వేరే ఎక్కించుకోవాలి. నడిచేవాళ్లూ తొక్కేవాళ్లూ తాము తిరిగిన బాటలను తలా కొంచెం గీసి అందరికీ ఊరికే ఇచ్చిన మ్యాపు అది. అందులో నిండుగీత ఉంటే మట్టిరోడ్డు, చుక్కలుంటే కాలిబాట, ఎత్తు గీతలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టుంటే నిలువెత్తు ఎక్కుడు. రెండు మ్యాపులూ ఎక్కించి, మెట్లున్న బాటలు వద్దని, వాగు లోతు తెలియని చోట్లు వద్దని అన్నీ కుదిర్చాను. చివరగా, ఇంగ్లీషులో చెబితే తికమకపడుతుందని వెతికి వెతికి తెలుగు గొంతు పెట్టాను. "కుడివైపు తిరగండి, ఎడమవైపు తిరగండి" అని ఒక ఆడగొంతు ఎంతో మర్యాదగా అంటుంటే, నేనే గొప్ప పని చేసినవాడిలా మా చెల్లెలి వైపు చూశాను. తను తలూపింది. ఏదో అనబోయి ఊరుకుంది. ఆ ఊరుకోవడాన్ని నేను పట్టించుకోలేదు.

రెండు వారాలు గడవకముందే రెండో ఆలస్యం అయింది. ఆ పెట్టెతో వచ్చిన చిక్కు ఏమిటంటే, తప్పు తిరిగితే అది తిట్టదు. ఇంకో దారి వెతికి, అదే మర్యాదతో మళ్లీ తిరగమంటుంది. ఆ తిరుగుడూ తప్పితే మరో దారి. అలా మూడు తప్పులు తిరిగి, కొండకు అటుపక్కన దిగి, పదీ యాభైకి ల్యాబు చేరిందట. కొట్టుకు వచ్చేసరికి మోకాళ్ల దాకా బురద.

నేను ఆ రోజు నోరు జారాను. అడుగడుక్కీ చెప్పే యంత్రం చెవి దగ్గర పెట్టినా దారి తెలియకపోతే, నీకు జీపీఎస్ కాదు, నడుముకు తాడు కట్టి నడిపించే మనిషి కావాలని అన్నాను. కొట్టులో ఇద్దరు బేరగాళ్లు కూడా ఉన్నారు. వాళ్లలో ఒకాయన నవ్వాడు.

మా చెల్లెలు సైకిలు నుంచి ఆ పెట్టె విప్పి, తుడిచి, బల్ల మీద పెట్టింది.

"ఇవాళ మంచు పెట్టెలో ఒక చిన్నపిల్ల రక్తం ఉందన్నయ్యా. నరం దొరక్క నాలుగుసార్లు గుచ్చి తీశారు. నా ముందే ఏడ్చింది. ఇప్పుడు మళ్లీ గుచ్చాలంట."

అంతే చెప్పి వెళ్లిపోయింది. నవ్వినాయన తల వంచుకున్నాడు.

మా ఆవిడ అచ్చాఫీసులో తప్పులు దిద్దే పని చేస్తుంది. ఇంట్లో ఆ పని నా మీద చేస్తుంది. ఆ సాయంత్రం నన్ను బాగానే దిద్దింది. ఒక మనిషి నలభై ఏళ్లకు దగ్గరపడుతూ అంత చురుగ్గా ఉండి, ఒక్క దారి విషయంలోనే తడబడుతోందంటే దానికో కారణం ఉండి తీరాలని, అదేమిటో ఏ రోజైనా అడిగారా అని నిలదీసింది. అడగలేదు. పేరు పెట్టడంలో ఉన్న సరదా అడగడంలో లేదు మరి. ఆదివారం మీరే వెంట వెళ్లి చూడండి, నోరు మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి అంది.

ఆదివారం వెళ్లాం. మా చెల్లెలు ముందు, నేను పదడుగుల వెనక. నోరు ఇంట్లో పెట్టలేదు కానీ పళ్లు బిగించి పట్టుకున్నాను. తారురోడ్డు మీద నేను వెనకబడిపోతుంటే తనే ఆగి ఆగి పోనిచ్చింది. అడవి మొదలయ్యే చోట గేటు దాటాక కంకర, ఆ తర్వాత ఎర్రమట్టి. పాత రాళ్ల క్వారీ దగ్గర బాట రెండుగా చీలుతుంది. పెట్టె మాట్లాడింది.

"నూట యాభై మీటర్ల తర్వాత కుడివైపు తిరగండి."

అప్పుడు చూశాను. మా చెల్లెలు హ్యాండిలు మీది నుంచి ఎడమచెయ్యి తీసింది. అయిదు వేళ్లూ దగ్గరకు చేర్చి, ముద్ద పట్టుకున్నట్టు పట్టుకుని, గడ్డం దాకా పైకెత్తింది. క్షణంసేపే. మళ్లీ హ్యాండిలు పట్టుకుని, ధీమాగా ఎడమకు తిరిగింది.

అరవడానికి నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, గంట కొట్టి ఆపాను. క్వారీ అంచున ఒక బండ మీద కూర్చోబెట్టి, ఇందాక ఆ చెయ్యి ఏమిటని అడిగాను. ముందు దాటవేసింది. చెమట తుడుచుకున్నానంది. నేను వదల్లేదు.

"కుడి ఏదో చూసుకున్నా" అంది నేల చూపులు చూస్తూ.

"అలాగా చూసుకునేది?"

"తినే చెయ్యి కుడి అని నువ్వేగా నేర్పావ్."

నాకు అప్పటికీ వెంటనే వెలగలేదు. "నువ్వు తినేది ఎడమచేత్తో కదే" అన్నాను.

"తెలుసు. అందుకే తర్వాత తిరగేసుకోవాలి. తీరిగ్గా ఉంటే గుర్తుంటుంది. తొందరలో ఉంటే తిరగేశానో లేదో తెలీదు. ఒక్కోసారి రెండుసార్లు తిరగేసేస్తా, మళ్లీ మొదటికొస్తుంది." అంది. "ఎవరైనా వెనకాల నిలబడి తొందరపెడుతుంటే అసలే తెలీదు."

వెనకాల నిలబడి తొందరపెట్టే ఆ ఎవరైనా ఎవరో నాకు చెప్పనక్కర్లేదు.

నాకు ఆ రోజు గుర్తుంది. తనకు అయిదేళ్లు, నాకు పదకొండు. కుడీ ఎడమా నేర్పి గానీ ఆటకు పోవద్దని నాన్న నాకు అప్పగించాడు. బయట స్నేహితులు ఈలలు వేస్తున్నారు. వంటింటి గడపలో నిలబడి, "తినే చెయ్యి కుడి, రెండోది ఎడమ, తెలిసిందా" అని ఒక్క గుక్కలో చెప్పి పరుగెత్తాను. తెలిసిందని అంది. అప్పుడు తన ముందు కంచం ఉంది, అన్నం తింటోంది. ఏ చేత్తో తింటోందో నేను చూడలేదు. బళ్లో మాస్టారు కొట్టి కుడిచేత్తో రాయడం నేర్పించారు కానీ, ఇంట్లో అమ్మ మాత్రం ఏ చేత్తోనైనా తింటే చాలని వదిలేసింది. అలా రాసే చెయ్యి ఒకటి, తినే చెయ్యి ఒకటి అయింది. మేము ముప్పై మూడేళ్లు దాని మీద నవ్వుకున్నాం.

ఇన్నేళ్లలో ఈ సంగతి ఎవరికైనా చెప్పావా అని అడిగాను.

"చెప్తే ఇంకాస్త నవ్వుతారుగా" అంది.

తను కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అంది, వాన వస్తే గొడుగు వేసుకుంటాంగా అన్నట్టు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, దాచుకునే ఓపిక కూడా లేదు. "తప్పు నాదే తల్లీ" అన్నాను. నా నోట ఆ మాట వినడం తనకు కొత్త. కంగారుపడిపోయి, అయ్యో అన్నయ్యా, పిల్లాడివి కదా నువ్వప్పుడు అని నన్నే ఓదార్చడం మొదలుపెట్టింది. మోయాల్సినదంతా తను మోసి, చివరికి ఓదార్పు కూడా తనే. కొండ దిగేదాకా నేను ముందు తొక్కాను, నా మొహం కనపడకుండా.

ఇంటికి వచ్చి మా ఆవిడకు చెబితే ఆవిడ నవ్వలేదు. కుడవడం అంటే తినడమేనని, కుడి అన్న మాట అందులోంచే పుట్టిందని పెద్దలంటారని చెప్పింది. అంటే ఈ పిల్లకు అన్న ఒక్కడే కాదు, మాట కూడా అడ్డం తిరిగిందన్నమాట. మా చెల్లెలు అది విని మొదటిసారి పకపకా నవ్వింది. "అయితే తప్పు నాదీ కాదు, నీదీ కాదు, మాటది" అంది. నేను ఒప్పుకోలేదు. నాది నాదే.

తర్వాత కొట్టు తాళం నా దగ్గర తీసుకుని, తనే వెళ్లి అద్దాల బల్ల తెరిచి, ఆ నలుపు తెలుపు పెట్టెను తెచ్చి నా ముందు పెట్టింది.

"నాకు నోరులేనిది కావాలి."

మొదటి రోజు తన చేతిలోంచి నేను లాక్కున్నది అదే. తనకేం కావాలో తనకు మొదటి నుంచీ తెలుసు. నా అనుభవమే అడ్డం పడింది.

ఆ మధ్యాహ్నం ముగ్గురం కంప్యూటరు ముందు కూర్చున్నాం. ఏడు ఆసుపత్రుల నుంచి ల్యాబుకు ఏడు గీతలు గీయాలి, వాటిని పెట్టెలోకి ఎక్కించాలి. ఉత్తరం ఎప్పుడూ పైన ఉండేలా కాకుండా, తను వెళ్లే వైపే పైకి ఉండేలా తెర మార్చాను. అప్పుడు గీత ఎటు వంగితే అటు వంగడమే, మధ్యలో మాటల పనే లేదు. నేను మొదటి గీత గీశాను. మా చెల్లెలు తెర దగ్గరకు మొహం పెట్టి, వద్దు అంది. ఈ బాట వాగును రెండుసార్లు దాటుతుంది, వాన పడితే రెండోచోట నడుంలోతు వస్తుంది అంది. అయితే ఈ నిండుగీత మీదుగా పోదామన్నాను. అది నిండుగీతే కానీ అక్కడ పోసిన కంకర గుండ్రాళ్లు, దిగేటప్పుడు ముందుచక్రం జారుతుంది, దాని పక్కనే మ్యాపులో లేని బాట ఒకటుంది, జీడిచెట్ల వెనక నుంచి వెళుతుంది అంది. ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో వేలితో గీసి చూపించింది. మేమిద్దరం తెల్లబోయి చూస్తున్నాం.

నీకివన్నీ ఎలా తెలుసని మా ఆవిడ అడిగింది.

"తప్పిపోయినప్పుడల్లా చూశాగా వదినా" అంది.

ఎనిమిది నెలల్లో ఆ కొండ మీద తను తప్పిపోని చోటు లేదు. ప్రతి రాయీ, ప్రతి మలుపూ కళ్ల ముందే ఉంది. పేర్లు పెట్టి పిలవమంటేనే తికమక. ఏడు గీతల్లో ఆరు తనే చెప్పింది, నేను గీశాను. మ్యాపులో లేని బాటను కూడా అందరికీ ఉపయోగపడుతుందని ఆ జనం గీసిన మ్యాపులో చేర్చాం. మా ఆవిడ అచ్చుతప్పులు చూసింది.

నెలలో ఇంకా పదకొండు రోజులు మిగిలాయి. ఒక్క ఆలస్యం చాలు, ఉద్యోగం పోవడానికి. పది రోజులు బాగానే గడిచాయి. నేను రోజూ తొమ్మిదిన్నర నుంచి గడియారం వైపు చూడటం, పది కొట్టేలోగా ఫోనులో "చేరాను" అన్న మాట చూసి ఊపిరి పీల్చుకోవడం. ఆఖరి రోజు తెల్లవారుజామునే వాన పట్టుకుంది. ఆ రోజు పడింది అన్నిటికన్నా దూరపు ఆసుపత్రి. వెళ్లేముందు నేను రెండు బ్రేకులూ చూసి, టైర్లలో కాస్త గాలి తీసి, బురదలో పట్టు దొరుకుతుందని చెప్పి పంపాను. జాగ్రత్త అని తప్ప వేరే మాట అనలేదు. అది కూడా నాకు కష్టమే అయింది.

తొమ్మిదిన్నర అయింది. తొమ్మిదీ యాభై. వాన తగ్గలేదు. ఒక చక్రం స్టాండుకు తగిలించి స్పోకు పుల్లలు సరిచేద్దామని కూర్చున్నాను. ఒకటి బిగిస్తే రెండు వదులవుతున్నాయి. పది. ఫోను రాలేదు. పదీ అయిదు. పదీ పది. ల్యాబుకు ఫోను చేయబోయి, ఏం వినాల్సివస్తుందోనని మానేశాను. చిన్నపిల్ల గుర్తొచ్చింది. పదకొండేళ్ల నేను గడపలోంచి పరుగెత్తడం గుర్తొచ్చింది.

పదీ ఇరవైకి సైకిలు గంట వినబడింది. మా చెల్లెలు తల నుంచి నీళ్లు కారుతూ గుమ్మంలో నిలబడింది. ఫోను తడిసి ఆగిపోయిందట. రక్తం పెట్టె తొమ్మిదీ నలభై మూడుకే అప్పగించేసిందట. మేనేజరు రేపటి నుంచి నెలజీతం మనిషివి అని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారట, అందుకే ఇంతసేపు. ఇదంతా వార్తలు చదివినట్టు గబగబా చెప్పేసింది. అసలు చెప్పాల్సింది ఇంకేదో ఉన్నట్టు, బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడింది.

నేను తువ్వాలు ఇచ్చాను. తుడుచుకోలేదు.

"క్వారీ దగ్గర ఇద్దరు కనిపించారన్నయ్యా. మొగుడూ పెళ్లామూ. నడకకొచ్చి వానలో దారి తప్పారంట. నన్ను ఆపి, బస్సు రోడ్డుకి ఎటు పోవాలమ్మా అని అడిగారు."

బల్ల మీదికి కాస్త వంగింది.

"నన్నడిగారు. దారి."

ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. ఈ భూమ్మీద తనను దారి అడిగినవాళ్లు అంతవరకూ ఎవరూ లేరు. అడిగే ధైర్యం ఎవరికీ లేకుండా నేనే పేరు పెట్టి ఊరంతా చాటాను. ఏం చెప్పావని అడగబోయాను. మొహం చూసి తనే అర్థం చేసుకుంది.

"ఏమీ చెప్పలేదు. ఇలా చూపించా" అని చెయ్యి బారుగా చాచింది. తినే చెయ్యి. దాని కొసల నుంచి నీళ్లు నా బల్ల మీద బొట్లుబొట్లుగా పడుతున్నాయి. తుడవాలనిపించలేదు.

"కొంతదూరం పోయి వెనక్కి తిరిగి చూశానన్నయ్యా. సరైన దారిలోనే పోతున్నారు."